పిల్లల చెవి, గొంతు, శ్రుతి: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

సంగీతం క్లాసులో చేర్పించిన మొదటి వారంలోనే చాలామంది అమ్మానాన్నలు నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడుగుతారు: "మా పిల్లకి శ్రుతి ఉందాండీ?" పిల్ల అక్కడే చాప మీద కూర్చుని వింటూ ఉంటుంది. ఆ ప్రశ్నకు అవుననో కాదనో జవాబు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఎందుకంటే శ్రుతి, అంటే పాడే స్వరం సరైన ఎత్తులో నిలవడం, పుట్టుకతో ఉండేదో లేనిదో కాదు. చెవికీ గొంతుకూ మధ్య ఏళ్ళ తరబడి పడే దారి అది. ఆ దారి ఎలా పడుతుందో, ఏ వయసుకు ఎంతవరకు వస్తుందో, ఎక్కడ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో ఇక్కడ రాస్తున్నాను.

మా పాపకు ఐదేళ్ళు. పాట మాటలన్నీ నోటికి వచ్చు, కానీ స్వరం పక్కకు పోతుంది. లోపం ఉన్నట్టా?

లేదు. ఐదేళ్ళకు అది మామూలే. చిన్నపిల్లలు పాటను పట్టుకునే వరసే వేరు. ముందు మాటలు వస్తాయి. తర్వాత లయ. ఆ తర్వాత పాట ఎక్కడ పైకి పోతోంది, ఎక్కడ కిందికి దిగుతోంది అన్న ఆకారం. ఒక్కో స్వరం సరిగ్గా దాని స్థానంలో కూర్చోవడం అన్నిటికన్నా ఆఖరున జరిగే పని. మీ పాప పాడుతుంటే మాటలు వదిలేసి ఆ ఎగుడుదిగుళ్ళు మాత్రం వినండి. పైకి వెళ్ళాల్సిన చోట పైకి వెళ్తోందంటే పని సగం అయినట్టే.

అసలు చెవి గొంతును ఎలా అదుపు చేస్తుంది?

మనం నోరు తెరిచి "ఆ" అనగానే ఆ శబ్దం గాలిలోంచీ, తలలోని ఎముకల్లోంచీ మన చెవికే తిరిగి చేరుతుంది. (రికార్డింగులో మన గొంతు మనకే కొత్తగా ఉండటానికి కారణం ఇదే. అందులో ఎముక దారిన వచ్చే భాగం ఉండదు.) మెదడు తాను అనుకున్న స్వరాన్నీ చెవిలో పడిన స్వరాన్నీ పోల్చి చూసుకుంటుంది. తేడా ఉంటే స్వరతంత్రుల (గొంతులో కంపించి శబ్దం పుట్టించే పొరల) బిగువును కాస్త పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ఇదంతా మనకు తెలియకుండానే, సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది.

దీనికి తోడు ఇంకో దారి ఉంది. వేలసార్లు పాడిన స్వరాన్ని గొంతు గుర్తు పెట్టుకుంటుంది. చెవి చెప్పేదాకా ఆగకుండా నేరుగా వెళ్ళి ఆ చోట నిలుస్తుంది. అనుభవం ఉన్న గాయకులు హోరులో, తమ గొంతు తమకే సరిగా వినపడని చోట కూడా శ్రుతిలో నిలవడం దీనివల్లే. పిల్లల్లో ఈ రెండో దారి ఇంకా పడలేదు. అందుకే వాళ్ళు చెవి మీదే ఆధారపడాలి. ఆ చెవి దారి కూడా ఇంకా తయారవుతూనే ఉంటుంది.

జానపద గాయకులు ఒక చెయ్యి చెవికి ఆనించి పాడటం చూసే ఉంటారు. అరచేయి నోటి నుంచి వచ్చే శబ్దాన్ని చెవిలోకి మళ్ళిస్తుంది, గుంపు గోలలో కూడా తన గొంతు తనకు వినిపిస్తుంది. నేను పిల్లలకు మొదట నేర్పే చిట్కా ఇదే.

హెడ్‌ఫోన్లతో శ్రుతి మార్చే ప్రయోగాలు చేస్తారట. అందులో ఏం తేలింది?

మనిషిని మైకు ముందు కూర్చోబెట్టి "ఆ" అని ఒకే ఎత్తులో పట్టి ఉంచమంటారు. ఆ గొంతు హెడ్‌ఫోన్లలో తిరిగి అతనికే వినిపిస్తుంది. మధ్యలో ఉన్నట్టుండి, అతనికి చెప్పకుండా, యంత్రం ఆ గొంతును ఒక స్వరస్థానం పైకి జరుపుతుంది. ఒక స్థాయిలో, అంటే "స" నుంచి పై "స" దాకా, ఉన్న పన్నెండు స్వరస్థానాల్లో పక్కపక్కన ఉన్న రెండింటి మధ్య దూరాన్ని 100 సెంట్లు అంటారు, జరిపేది సుమారుగా అంత. చెవికి తన స్వరం పైకి పోయినట్టు అనిపిస్తుంది. వెంటనే గొంతు దానంతటదే కిందికి దిగుతుంది. పెద్దవాళ్ళలో ఈ దిద్దుబాటు సుమారు 100 నుంచి 150 మిల్లీసెకన్లలో మొదలవుతుంది. కావాలని చేసేది కాదు, ఆపమన్నా పూర్తిగా ఆగదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. యంత్రం 100 సెంట్లు జరిపితే గొంతు 100 సెంట్లూ వెనక్కి రాదు. అందులో కొంత భాగమే సర్దుకుంటుంది. అంటే ఈ ఏర్పాటు ఉన్నది చిన్న చిన్న జారుడులను సరిచేయడానికి. పెద్ద తప్పును దిద్దడం దాని పని కాదు. స్వరం మొదలయ్యేటప్పుడే దాదాపు సరైన చోట మొదలవ్వాలి, మిగిలిన ఆ కాస్త తేడానే చెవి సర్దుతుంది.

అదే ప్రయోగం పిల్లల మీద చేస్తే?

పిల్లలూ దిద్దుకుంటారు. బడి వయసు వచ్చేసరికి ఈ స్పందన ఉంటుంది. కాకపోతే పెద్దవాళ్ళ కన్నా ఆలస్యంగా మొదలవుతుంది, వయసు పెరిగే కొద్దీ చురుకవుతుంది. ఇంకో తేడా, ప్రయోగం ఏమీ చేయకపోయినా పిల్లల గొంతు ఒక చోట నిలవకుండా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకూ ఏటేటా తగ్గుతూ వస్తుంది. శబ్దం విన్నప్పుడు మెదడులో పుట్టే విద్యుత్ తరంగాల తీరు కూడా కౌమారం దాకా మారుతూనే ఉంటుంది. చెవి పుట్టుకతోనే పనిచేస్తుంది, కానీ చెవి చెప్పినదాన్ని అర్థం చేసుకుని గొంతుకు అందించే భాగాలు అంత త్వరగా పెద్దవి కావు.

ఇంకా చిన్నపిల్లల గురించి ఒక ముచ్చటైన ప్రయోగం ఉంది. 2012లో వచ్చింది, కెనడా పరిశోధకులు చేశారు. అది శ్రుతి గురించి కాదు, అచ్చుల గురించి. పెద్దవాళ్ళ చేత, నాలుగేళ్ళ పిల్లల చేత, రెండేళ్ళ పిల్లల చేత "బెడ్" అనిపిస్తూ హెడ్‌ఫోన్లలో అది "బ్యాడ్" లాగా వినిపించేలా చేశారు. పెద్దవాళ్ళు, నాలుగేళ్ళ పిల్లలు తమ ఉచ్చారణను ఎదురు దిశలో సర్దుకున్నారు. రెండేళ్ళ పిల్లలు మాత్రం ఏమీ మార్చలేదు. ఆ వయసులో పిల్లలు తమ మాటను తామే విని దిద్దుకోవడం కన్నా, ఎదుటివాళ్ళు తమ మాటకు ఎలా స్పందిస్తారో చూసి నేర్చుకుంటారేమోనని ఆ పరిశోధకుల ఆలోచన. "అత్త" అనబోయి "తత్త" అన్న పిల్లాడి ముందు మనం "అత్తా? అత్త వచ్చిందా?" అని మళ్ళీ అంటాం కదా, అది ఊరికే పోదన్నమాట.

క్లాసులో ఈ దిద్దుబాటు కంటికి కనిపించేంత స్పష్టంగా ఒకసారి చూశాను. ఏడేళ్ళ పాప. శ్రుతి పెట్టె (ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే పెట్టె) దాని ఒళ్ళో పెట్టి "స" పట్టమన్నాను. కింద ఎక్కడో మొదలుపెట్టింది. రెండు క్షణాలు అలాగే పట్టుకుంది. తల కాస్త పక్కకు వంచింది, కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి. గొంతు మెల్లగా, మెట్టు కాకుండా జారుడుబల్ల మీద పైకి పాకినట్టు పాకుతూ వచ్చి, పెట్టె శబ్దంలో కలిసిపోయింది. కలిసిన క్షణంలో పాప నవ్వింది, నేనేమీ అనకముందే. వెనక కూర్చున్న వాళ్ళ నాయనమ్మ మాత్రం "అదేంటే, ఒకేసారి పట్టుకోవు?" అంది. ఆ పాకడమే నేర్చుకోవడం, నాయనమ్మగారూ, అన్నాను. అది చెవి గొంతుకు చేయి పట్టుకుని దారి చూపించే చప్పుడు. దాన్ని తప్పని ఆపితే పిల్ల ఆ దారి వెతకడమే మానేస్తుంది.

పుట్టిన బిడ్డకు శ్రుతి ఏం తెలుస్తుంది?

అనుకున్నదానికన్నా ఎక్కువే. తల్లి కడుపులో ఆరో నెల దాటేసరికి బిడ్డ శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. మాటలు కడుపు గోడ దాటి స్పష్టంగా రావు గానీ, అమ్మ గొంతులోని ఎత్తుపల్లాలు చేరతాయి. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో 30 మంది ఫ్రెంచ్ శిశువుల ఏడుపునీ, 30 మంది జర్మన్ శిశువుల ఏడుపునీ పోల్చారు. అందరూ పుట్టి వారమైనా కానివాళ్ళు. ఫ్రెంచ్ పిల్లల ఏడుపు ఎక్కువగా కింద మొదలై పైకి లేచేది, జర్మన్ పిల్లల ఏడుపు పైన మొదలై కిందికి దిగేది. ఆ రెండు భాషల్లో మాట సాగే తీరూ అదే.

జోలపాట వినే బిడ్డకు మాటలు అర్థం కావు. రాగం మాత్రం వెళ్తుంది. పాడండి.

ఏ వయసుకు ఏం రావాలి?

పట్టిక వేసి ఇవ్వమని చాలామంది అడుగుతారు. ఇవ్వను. పిల్లకూ పిల్లకూ రెండు మూడేళ్ళ తేడా మామూలుగా ఉంటుంది, పట్టిక చూసిన తల్లి పక్కింటి పిల్లతో పోల్చడం మొదలుపెడుతుంది. స్థూలంగా చెబుతాను.

మూడు, నాలుగేళ్ళకు తమంతట తాము అల్లుకున్న పాటలు పాడుతుంటారు, అందులో రెండు మూడు స్వరాలే ఉంటాయి. ఐదారేళ్ళకు పాట ఆకారం వస్తుంది, శ్రుతి మాత్రం పాట మధ్యలో జారుతుంది. ఏడెనిమిది నుంచి పదేళ్ళ మధ్య ఎక్కువమందిలో స్వరం నిలబడటం మొదలవుతుంది. సన్నటి తేడాలు వినగలిగే శక్తి కూడా దాదాపు ఆ కాలంలోనే పెద్దవాళ్ళ స్థాయికి చేరుతుంది. ఆడపిల్లలు సగటున కాస్త ముందు ఉంటారు. కానీ ఇందులో సాధనకు చాలా పెద్ద వాటా ఉంది. పాటలు పాడే ఇంట్లో పెరిగిన నాలుగేళ్ళ పిల్ల, పాటే వినపడని ఇంట్లో పెరిగిన ఎనిమిదేళ్ళ పిల్లాడి కన్నా చక్కగా పాడటం నేను చాలాసార్లు చూశాను.

మా వాడికి వినపడుతోంది, ఎవరైనా తప్పు పాడితే పట్టేస్తాడు. మరి తను పాడితే ఎందుకు తప్పుతాడు?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది. వాడి చెవి బాగుంది. స్వరాల తేడా అసలే తెలియని మనుషులు ఉంటారు గానీ చాలా తక్కువ, నూటికి ఒకరిద్దరు. సరిగా పాడలేని వాళ్ళలో ఎక్కువమందికి చెవి బాగానే పనిచేస్తుంది. తెలియనిదల్లా, విన్న ఆ స్వరం రావాలంటే గొంతులో ఏ కండరాన్ని ఎంత బిగించాలో. సైకిలు తొక్కేవాణ్ణి చూసి పడిపోబోతున్నాడని చెప్పగలిగినవాడు తను తొక్కగలడని కాదు కదా.

ఇలాంటి పిల్లల విషయంలో నేను చేసేది ఒకటే. వాళ్ళను నా స్వరానికి రమ్మనను, నేనే వాళ్ళ స్వరానికి వెళ్తాను. పిల్లాడు "ఊ" అని ఎక్కడ పట్టుకుంటే నేనూ అక్కడే పట్టుకుంటాను. రెండు గొంతులూ కలిసినప్పుడు ఒంట్లో ఎలా ఉంటుందో వాడికి మొదటిసారి తెలుస్తుంది. అక్కడి నుంచి అర మెట్టు జరుగుతాను, వాడు వెనకాలే వస్తాడు.

పిల్లలతో ఏ శ్రుతిలో పాడించాలి?

శ్రుతి లేదని ముద్ర పడిన పిల్లల్లో సగం మంది కథ ఇక్కడే ఉంటుందని నా నమ్మకం. లెక్క చూద్దాం. నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లల మాట దాదాపు 250 నుంచి 300 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు; అంకె పెరిగితే స్వరం ఎత్తు పెరిగినట్టు) దగ్గర నడుస్తుంది. శిక్షణ లేని చిన్నపిల్లలకు హాయిగా పాడగలిగే మేర చాలా చిన్నది, సుమారు 290 నుంచి 440 హెర్ట్జ్ దాకా. మగ మాస్టారు ఒకటి శ్రుతిలో ("స" ఏ ఎత్తులో పెట్టుకోవాలో ఇలా అంకెలతో చెబుతాం) కూర్చుంటే ఆయన ఆధార షడ్జం, అంటే "స", సుమారు 131 హెర్ట్జ్. పిల్ల గొంతు అంత కిందికి దిగదు. కాబట్టి ఒక స్థాయి పైన, 262లో పట్టుకోవాలి. "ఈ రెండూ ఒకటే" అన్న సంగతి ఐదేళ్ళ పిల్లకు ఎవరూ చెప్పరు. ఆ పిల్ల మాస్టారి స్వరాన్నే అందుకోవాలని గొంతు కిందికి నొక్కుకుంటుంది, మధ్యలో ఎక్కడో చిక్కుకుంటుంది. పిల్లలు మగ గొంతును అనుకరించడం కన్నా ఆడగొంతునో, ఇంకో పిల్ల గొంతునో అనుకరించడం సులువని పరిశోధనలూ చెబుతున్నాయి.

ఐదు శ్రుతిలో అయితే షడ్జం 196 హెర్ట్జ్. చిన్నపిల్లలకు అదీ లోతే. "స" గుసగుసలాగా వస్తుంది, "ప" దగ్గరికి వచ్చేసరికి గొంతు విచ్చుకుంటుంది. ఆరు శ్రుతికో ఆరున్నరకో జరిపి చూడండి. ఇంకో పని కూడా చేయవచ్చు. మొదటి రోజే "స" నుంచి పై "స" దాకా పాడించకుండా, "ప ద ప మ ప" లాంటి చిన్న ముక్కలతో గొంతు మధ్యలోనే తిరగనివ్వండి. మాయామాళవగౌళ రాగంలో మొదట నేర్పే సరళి వరుసలు ఎక్కడికీ పోవు, ఆరు నెలలు ఆగినా అక్కడే ఉంటాయి.

మొదటి కాలంలో శ్రుతిగా పాడుతుంది, మూడో కాలంలో పోతుంది. ఎందుకు?

కాలం అంటే పాడే వేగం, ఒక్కో కాలానికి అది రెట్టింపవుతుంది. మొదటి కాలంలో స్వరం సెకను సేపు ఉందనుకోండి. మూడో కాలంలో అది పావు సెకను, అంటే 250 మిల్లీసెకన్లు. పెద్దవాళ్ళకే చెవి విని గొంతు దిద్దుకోవడం మొదలవడానికి 100 నుంచి 150 మిల్లీసెకన్లు పడుతుంది, పిల్లలకు ఇంకా ఎక్కువ. దిద్దుకునే లోపు తర్వాతి స్వరం వచ్చేస్తుంది. మూడో కాలంలో చెవి కాపాడలేదు, గొంతు గుర్తు మీదే వెళ్ళాలి. ఆ గుర్తు పడేది మొదటి కాలంలోనే. అందుకే నేను తొందరపడి కాలం పెంచను. తల్లిదండ్రులకు విసుగ్గా ఉంటుందని తెలుసు.

శ్రుతి సరిగా లేకపోతే వినికిడి పరీక్ష చేయించాలా?

శ్రుతి ఒక్కటే అయితే అక్కర్లేదు. కానీ టీవీ శబ్దం పెంచుకోవడం, వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, "ఆఁ? ఏంటి?" అని మాటిమాటికీ అడగడం, మాటలు ఆలస్యంగా రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే వెళ్ళండి. చిన్నపిల్లల్లో జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరి వారాల తరబడి ఉండిపోవడం చాలా మామూలు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో పిల్లకు లోకం దూది పెట్టుకున్నట్టు వినిపిస్తుంది. నా క్లాసులో ఒక బాబు రెండు నెలలు శ్రుతి తప్పుతూ వచ్చాడు. పరధ్యానం అనుకుని నేను ఒకసారి కసిరాను కూడా. తర్వాత రెండు చెవుల్లోనూ నీరు ఉందని తేలింది. ఆ కసరడం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

అప్పుడే పుట్టిన బిడ్డకైతే నెల లోపు వినికిడి పరీక్ష, అనుమానం ఉంటే మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలు, ఇదీ నిపుణులు సూచించే లెక్క. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. జిల్లా ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో అడిగినా దారి చెబుతారు.

కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి బాగా తక్కువున్నవాళ్ళకు లోపలి చెవిలో అమర్చే పరికరం) పెట్టిన పిల్లలు పాడగలరా?

పాడతారు, ఆనందంగా పాడతారు. వాళ్ళ చేత పాడించాలి కూడా. అయితే ఆశ ఎక్కడ పెట్టుకోవాలో తెలియాలి. మామూలు చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలు వేల సంఖ్యలో ఉండి చేసే పనిని ఇంప్లాంటులో 12 నుంచి 22 ఎలక్ట్రోడులు చేస్తాయి. మాటకు అది చాలుతుంది. లయ చక్కగా అందుతుంది. పక్కపక్క స్వరాల తేడా మాత్రం మసకగా ఉంటుంది. అందుకే ఈ పిల్లల పాటలో తాళం కచ్చితంగా ఉండి, రాగం చదునుగా ఉండవచ్చు. మాటలో కూడా "వచ్చింది" అని చెప్పడానికీ, అదే మాటను గొంతు లేపి "వచ్చింది?" అని అడగడానికీ మధ్య ఉన్న తేడా పట్టుకోవడం కష్టం కావచ్చు. "వచ్చిందా" అన్నప్పుడు ఆ దీర్ఘం సాయం చేస్తుంది, మన భాష చేసే మేలు అది. చిన్న వయసులో పెట్టించుకుంటే ఫలితం బాగుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్స చేస్తారు, వయసు పరిమితి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి.

అమెరికాలో ఉన్నాం. పాప ఆన్‌లైన్‌లో నేర్చుకుంటోంది. గురువుగారితో కలిపి పాడమంటే శ్రుతి, తాళం రెండూ పోతున్నాయి.

తప్పు పాపది కాదు. గొంతు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళి రావడానికి సమయం పడుతుంది, ఎంత మంచి ఇంటర్నెట్ అయినా. కలిపి పాడటం ఆన్‌లైన్‌లో కుదరదు. గురువుగారు పాడి ఆపాలి, తర్వాత పాప పాడాలి. శ్రుతి పెట్టె పాప పక్కనే మోగాలి, గురువుగారి వైపు నుంచి రాకూడదు. ముఖ్యంగా, పాప గొంతు స్పీకరులో ఆలస్యంగా తిరిగి పాపకే వినపడకుండా చూడండి. సొంత గొంతు సెకనులో ఐదో వంతు ఆలస్యంగా వినపడితే పెద్దవాళ్ళకే మాట తడబడుతుందని 1950 నుంచీ తెలుసు. రెండు చెవులూ మూసేసే హెడ్‌ఫోన్లు వద్దు. ఒక చెవి వదిలేయండి.

మా అబ్బాయికి పదమూడేళ్ళు. గొంతు కీచుమని, గరగరమని విరుగుతోంది. సంగీతం మాన్పించాలా?

మాన్పించకండి. ఈ వయసులో స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, మందమై, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల్లోనూ దిగుతుంది గానీ మూడు నాలుగు స్వరస్థానాలే కాబట్టి పెద్దగా తెలియదు. వాడు ఇన్నేళ్ళు కష్టపడి వేసుకున్న గుర్తులన్నీ పాత గొంతు కోసం వేసుకున్నవి. వాద్యం మారిపోయింది, వేళ్ళు మాత్రం పాత చోట్లే వెతుకుతున్నాయి. అంతా మళ్ళీ చెవి చేతిలోకి వచ్చింది. ఈ కాలంలో శ్రుతి తప్పడం వెనకబడటం కాదు.

పాత శ్రుతిని పట్టుకు వేలాడకుండా నెలనెలా వాడికి ఏది హాయిగా ఉందో చూసి శ్రుతి దించుతూ రావాలి. పెద్ద గొంతుతో, పై స్థాయిలో అరిపించకూడదు. రోజుకు పావుగంట మంద్రంలో (కింది స్థాయిలో) మెల్లగా "స" పట్టుకుంటే చాలు, మిగతా సమయం వీణో మృదంగమో నేర్చుకోనివ్వండి. గొంతు విరిగినప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. నాన్నలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇంట్లో రోజూ ఏం చేయించాలి?

తంబురా యాప్ పెట్టి, వంటింట్లో మీ పని మీరు చేసుకుంటూ "స" అనండి. పిల్లను పాడమనకండి. రెండు మూడు రోజులకు దానంతటదే వచ్చి కలుస్తుంది. కలిసినప్పుడు ఆపి మెచ్చుకోకండి, ఆ స్వరం అలాగే పట్టి ఉంచండి. పిల్ల గొంతు మీ గొంతు చుట్టూ కాసేపు తిరుగుతుంది, పైకి పోతుంది, కిందికి వస్తుంది. మీది కదలకుండా ఉంటే, అది వచ్చి ఆనుకుంటుంది.